రోజుకో గోలీ... అయిదేళ్ల కాపలా

ఆపరేషన్ అయింది. కీమో, రేడియేషన్ పూర్తయ్యాయి. ఊడిన జుట్టు మళ్లీ మొలిచింది. 'హమ్మయ్య, గండం గడిచింది' అనుకునేలోపు డాక్టరు ఓ చిన్న మాత్ర రాసిచ్చి అయిదేళ్లు మానకుండా వాడమంటారు. రొమ్ము క్యాన్సర్‌తో పోరాటంలో సగం బరువు ఆ మాత్రదే. మిగతా సగం... ఇంట్లోవాళ్లది!

ఎల్లారెడ్డి దగ్గర ఓ పల్లె అనుకుందాం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వాకిట్లో సాన్పు చల్లుతున్న కోడలు లోపలికి తొంగిచూసి, "అత్తమ్మా, రాత్రి గోలి ఏసుకున్నవా?" అని అడుగుతుంది. అత్తమ్మ విననట్టే బీడీల చాట ముందుకు జరుపుకొంటుంది. రెండోసారి అడిగితే, "ఎన్నొద్దులు మింగాలె బిడ్డా? గడ్డ తీసేసిరి, కరెంటు పెట్టిరి. మంచిగనే ఉన్న గదా! గా గోలి ఏసుకుంటే ఒళ్లంత సెగలొస్తున్నయి" అంటుంది.

ఇది ఫలానావారి ఇల్లని కాదు. రొమ్ము క్యాన్సర్ నుంచి గట్టెక్కిన ఆడవాళ్లున్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలే ఇవి. కామారెడ్డిలోనైనా, కాకినాడలోనైనా. గడ్డ కంటికి కనిపించినన్నాళ్లూ ఎంత కష్టమైన చికిత్సకైనా సిద్ధపడతారు. అది పోయి, ఒంట్లో నొప్పి లేక, పనులన్నీ మామూలుగా చేసుకుంటున్నప్పుడు రోజూ మందు మింగడమే కష్టం. ఆ మాత్ర వేసుకుంటే మేలు కనిపించదు, ఇబ్బంది మాత్రం కనిపిస్తుంది. అందుకే రెండేళ్లకో మూడేళ్లకో చెప్పాపెట్టకుండా మానేసేవారు ఎక్కువ. మానేసిన వెంటనే ఏమీ కాదు కూడా. ఏ నాలుగేళ్లకో నడుమునొప్పి అంటూ ఆసుపత్రికి వెళ్తే, జబ్బు ఎముకల్లోకి చేరిందని తెలుస్తుంది. అప్పుడు బాధపడి లాభం ఉండదు.

2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే మన దేశంలో సుమారు 1,92,000 మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. దాదాపు 98,000 మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆడవాళ్లకు ఈ జబ్బు సుమారు పదేళ్లు ముందే వస్తోంది. అంటే పిల్లలు ఇంకా చదువుకుంటున్న వయసులో, ఇల్లు గడవడానికి ఆమె సంపాదన కూడా అవసరమైన రోజుల్లో. కాబట్టి ఆ చిన్న మాత్ర సంగతేమిటో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

కలుపుకు నీళ్లెక్కడివి?

ఎల్లారెడ్డి ప్రాంతం వాళ్లకు నిజాంసాగర్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు గేట్లెత్తితే కాల్వకు నీళ్లు వస్తాయి. కాల్వ నుంచి తూము ద్వారా పొలంలోకి పారతాయి. ఈ బొమ్మను మనసులో పెట్టుకుంటే హార్మోన్ చికిత్స సగం అర్థమైనట్టే.

ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ నీళ్లలాంటిది. రజస్వల కావడం నుంచి కాన్పు దాకా, ఎముకల గట్టిదనం నుంచి చర్మం నిగారింపు దాకా అన్నిటికీ అది కావాలి. అయితే పొలంలోకి పారిన నీళ్లు వరికీ అందుతాయి, కలుపుకూ అందుతాయి కదా! రొమ్ము క్యాన్సర్లలో చాలావాటికి ఈ హార్మోనే ఆహారం. ఆ కణాల్లో ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. వీటినే రిసెప్టర్లు అంటారు. ఇవే పొలం గట్టున ఉండే తూములు. హార్మోన్ వచ్చి వాటిని తాకిందంటే కణం విభజన మొదలవుతుంది, గడ్డ పెరుగుతుంది.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే రొమ్ము క్యాన్సర్ వచ్చిన పదిమందిలో ఏడెనిమిది మంది గడ్డల్లో ఈ గ్రాహకాలు ఉంటాయి. మన దేశంలో ఆ వాటా కొంత తక్కువ. అయినా సగానికి పైగా రోగులకు హార్మోన్ చికిత్స పనికొస్తుంది. దీని పని కలుపును కోయడం కాదు, దానికి నీళ్లు అందకుండా చేయడం. ఎక్కడో ఓ మూల కంటికి ఆనకుండా మిగిలిపోయిన కణాలు మళ్లీ తలెత్తకుండా ఏళ్ల తరబడి కాపలా కాయడం.

పశువుల కొట్టం నుంచి వచ్చిన ఆలోచన

ఈ చికిత్సకు నూటపాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది మొదలైంది పాడిపశువుల దగ్గరంటే ఆశ్చర్యం కలుగుతుంది! స్కాట్లండ్‌కు చెందిన జార్జ్ బీట్సన్ అనే సర్జన్ చదువుకునే రోజుల్లో పాల ఉత్పత్తి మీద పరిశోధన చేశారు. ఈనిన ఆవుకు అండాశయాలు తీసేస్తే పాలు ఎక్కువకాలం ఇస్తుందని కొన్ని దేశాల రైతులకు తెలుసన్న సంగతి ఆయన దృష్టికి వచ్చింది. ఎక్కడో కడుపులో ఉన్న అండాశయానికీ రొమ్ముకూ సంబంధం ఉందన్నమాట! ఆ ఆలోచనతోనే 1895లో, రొమ్ము క్యాన్సర్ ముదిరి ఇక చేసేదేమీ లేదనుకున్న ఓ యువతికి అండాశయాలు తొలగించారు. కొన్ని నెలల్లో గడ్డ కరిగిపోయింది. 1896లో ఆయన ఆ వివరాలను 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. అప్పటికి హార్మోన్ అనే మాటే పుట్టలేదు!

అందరికీ ఆ ఆపరేషన్ పనిచేయలేదు. ఎందుకన్నది అర్థం కావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. అమెరికాలోని షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ అనే శాస్త్రవేత్త ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని కనిపెట్టాక గుట్టు వీడింది. గ్రాహకాలున్న గడ్డలే హార్మోన్ చికిత్సకు లొంగుతాయని తేలింది.

ఇక మాత్ర కథ మరీ విచిత్రం. 1962లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఓ పదార్థాన్ని తయారుచేశారు. ఆర్థర్ వాల్పోల్ బృందం గర్భనిరోధక మాత్ర కోసం వెతుకుతున్న రోజులవి. ఎలుకల్లో అది బాగానే పనిచేసింది. తీరా మనుషులకిస్తే వ్యవహారం తిరగబడింది. గర్భం రాకుండా ఆపడం మాట అటుంచి, అండం విడుదలకు తోడ్పడింది! కుటుంబ నియంత్రణకు పనికిరాదని తేలిన ఆ మందును మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రిలో మేరీ కోల్ అనే వైద్యురాలు ముదిరిన రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. కొందరిలో మంచి గుణం కనిపించింది. 1971లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. 1973లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. అదే టామోక్సిఫెన్. దాన్ని జబ్బు ముదిరాక కాదు, ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి ఇవ్వాలని తన పరిశోధనలతో దారిచూపిన క్రెయిగ్ జోర్డాన్ 2024లో కన్నుమూశారు.

ఈ పోరులో ఓ తెలుగువాడి పాలూ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలకు సారథ్యం వహించిన రోజుల్లో రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్, ఆపరేషన్ తర్వాత ఇచ్చే తొలితరం కీమో మందుల్లో ఒకటి. అది హార్మోన్ మందు కాదుగానీ, ఎందరో రొమ్ము క్యాన్సర్ రోగులను నిలబెట్టింది.

గేటు, బావి, తూము

హార్మోన్ మందుల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మళ్లీ మన పొలం దగ్గరికే వెళ్దాం.

మొదటిది తూము మూసేయడం. టామోక్సిఫెన్ చేసే పని ఇదే. ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉన్నా రొమ్ము కణానికి అందనివ్వదు. ముట్లు ఆగని వయసువాళ్లకూ, ఆగిపోయినవాళ్లకూ వాడొచ్చు. మగవాళ్లకూ అరుదుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. వాళ్లకు కూడా ఇదే మందు. మామూలుగా రోజుకు 20 మిల్లీగ్రాములు ఇస్తారు.

రెండోది ప్రాజెక్టు గేట్లు దించడం. ముట్లు ఆగని ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ ప్రధానంగా అండాశయాల నుంచే వస్తుంది. జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని అనుకుంటే డాక్టర్లు అండాశయాల పనిని ఆపుతారు. ఇందుకు నెలకోసారి పొట్ట చర్మం కింద ఇచ్చే గోసరిలిన్‌లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. లేదంటే ఆపరేషన్‌తో అండాశయాలు తీసేస్తారు. నెలనెలా పట్నం తిరగలేనివాళ్లలో కొందరు డాక్టరుతో మాట్లాడి ఆపరేషన్‌కే మొగ్గుచూపుతారు.

మూడోది బావుల ఊట ఆపడం. ముట్లు ఆగిపోయాక ప్రాజెక్టు ఎండినట్టే. మరి ఈస్ట్రోజెన్ ఎక్కడిది? కొవ్వు కణాల్లో, మరికొన్ని చోట్ల ఆరోమటేజ్ అనే ఎంజైము దాన్ని కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుంది. చెరువు ఎండినా బావుల్లో ఊట ఉన్నట్టు. అనస్ట్రజోల్, లెట్రజోల్, ఎక్సిమెస్టేన్ మాత్రలు ఆ ఊటను కట్టేస్తాయి. ముట్లు నిలిచినవారిలో ఇవి టామోక్సిఫెన్ కన్నా మరికాస్త మేలు.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. ప్రాజెక్టు నిండుగా పారుతుంటే బావి ఊట ఆపి ఏం లాభం? అందుకే ముట్లు ఆగని ఆడవాళ్లకు అండాశయాల పని ఆపకుండా ఈ మూడోరకం మాత్రలు ఒక్కటే ఇవ్వరు. పక్కింటావిడ మాత్ర మంచిదట కదా అని అదే కొనుక్కొని వాడకూడదన్నది ఇందుకే.

జబ్బు ఇతర అవయవాలకు పాకినవారికి ఫుల్వెస్ట్రాంట్ అనే ఇంజెక్షన్, హార్మోన్ మాత్రకు తోడుగా ఇచ్చే పాల్బోసిక్లిబ్‌లాంటి మందులు ఉన్నాయి. 2023లో పేటెంట్ గడువు తీరాక పాల్బోసిక్లిబ్ ధర మన దగ్గర బాగా దిగింది.

ఆ కాగితం పారేయకండి

ఎవరికి ఏ మందన్నది తేల్చేది గడ్డ ముక్క పరీక్ష రిపోర్టే. అందులో ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు పేర్లు వెతకండి. ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ గ్రాహకం. పీఆర్ అంటే ప్రొజెస్టెరాన్ గ్రాహకం. నూటికి ఒక్క కణంలో కనిపించినా పాజిటివ్ అనే రాస్తారు. ఈ రెంటిలో ఏది పాజిటివ్‌గా ఉన్నా హార్మోన్ చికిత్స మాట వస్తుంది. హెర్-2 పాజిటివ్ అయితే దానికి వేరే మందు ఉంటుంది. మూడూ నెగెటివ్ అయితే హార్మోన్ మాత్రలతో ప్రయోజనం లేదు. వాళ్లకు కీమోలాంటి ఇతర చికిత్సలే దారి.

కామారెడ్డిలో గడ్డ తీయించుకొని, హైదరాబాద్‌లో కీమో చేయించుకొని, కాగితాలు ఎక్కడో పోగొట్టుకుంటే ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. ఒక ప్లాస్టిక్ సంచిలో రిపోర్టులు, స్కాన్లు, చీటీలు తేదీల వరసలో పెట్టండి. వాటిని సెల్‌ఫోన్లో ఫొటోలు కూడా తీసి ఉంచండి. పట్టా పాసుపుస్తకాన్ని ఎంత పదిలంగా దాచుకుంటామో దీన్నీ అంతే పదిలంగా దాచుకోవాలి.

ఎందుకు మానేస్తారంటే...

అయిదేళ్లు టామోక్సిఫెన్ వాడినవారిలో, తొలి పదిహేనేళ్ల కాలంలో ఈ జబ్బుతో మరణించే ముప్పు సుమారు మూడోవంతు తగ్గిందని వేలమంది రోగుల వివరాలను కలిపి చూసిన అధ్యయనం 2011లో తేల్చింది. మాత్ర ఆపేశాక కూడా దాని రక్షణ కొన్నేళ్లు కొనసాగుతుంది. కొందరికి పదేళ్లు వాడితే ఇంకా మేలని తర్వాత తెలిసింది. ఖరీదు కూడా పెద్దది కాదు, టామోక్సిఫెన్ మాత్ర ఒకటి కొద్ది రూపాయలే. అయినా వివిధ దేశాల్లో చూస్తే రోగుల్లో మూడోవంతు నుంచి సగం దాకా అయిదేళ్లూ పూర్తిచేయడం లేదు. కారణం... ఇబ్బందులు. వాటిని దాచిపెట్టకుండా మాట్లాడుకుంటే చాలావాటికి ఉపాయం ఉంది.

ఒంట్లో సెగలు: టామోక్సిఫెన్‌తో ఎక్కువమంది చెప్పేది ఇదే. ఉన్నట్టుండి మొహం, ఛాతీ వేడెక్కి చెమటలు పడతాయి. నూలు బట్టలు కట్టుకోవడం, పడక కిటికీ దగ్గర వేసుకోవడం, మరీ వేడి చాయ్, కారం తగ్గించడం కొంత ఊరటనిస్తాయి. నిద్ర పట్టనంతగా ఉంటే డాక్టర్లు మందు ఇస్తారు. అయితే మనసు బాగుండటానికి వాడే కొన్ని మాత్రలు, ముఖ్యంగా పరోక్సెటిన్, ఫ్లుఓక్సెటిన్, టామోక్సిఫెన్ పనికి అడ్డుపడతాయి. అందుకే ఏ కొత్త మందు వాడాలన్నా 'నేను ఈ మాత్ర వేసుకుంటున్నాను' అని డాక్టరుకు చెప్పాలి.

కీళ్లనొప్పులు: లెట్రజోల్, అనస్ట్రజోల్ వాడేవారికి పొద్దున లేవగానే వేళ్లు పట్టేసినట్టు, మోకాళ్లు బిగుసుకున్నట్టు ఉంటుంది. నాట్లేసే చేతులకు, బీడీలు చుట్టే వేళ్లకు ఇది చిన్న కష్టం కాదు. రోజూ ఓ అరగంట నడక, గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచడం మేలు చేస్తాయి. తగ్గకపోతే ఇదే రకంలో మరో మాత్రకు మార్చి చూస్తారు. నొప్పి భరించలేక మానేయడం కన్నా మాత్ర మార్చమని అడగడం నయం కదా!

ఎముకల బలం: ఈ మాత్రలు ఎముకలను పలుచబరుస్తాయి. డెక్సా స్కాన్‌తో ఆ సంగతి తెలుస్తుంది. పాలు, పెరుగు, రాగి జావ, ఆకుకూరలు తినాలి. కామారెడ్డి బెల్లంతో చుట్టిన నువ్వుల లడ్డూ కూడా మంచిదే, షుగర్ లేకపోతేనే సుమా! పొద్దుటి ఎండలో కాసేపు గడపాలి. కాల్షియం, విటమిన్ డి మాత్రలు డాక్టరు చెప్పిన మేరకే వాడాలి.

గర్భం, ముట్లు: టామోక్సిఫెన్‌తో ముట్లు ఆగిపోయినా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. కడుపులో బిడ్డకు ఈ మందు హాని చేస్తుంది. కాబట్టి వయసులో ఉన్నవాళ్లు కాపర్-టి, నిరోధ్‌లాంటి హార్మోన్ లేని పద్ధతులు పాటించాలి. పిల్లలు కావాలనుకుంటే చికిత్స మొదట్లోనే డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడి ఊరుకోకూడదు.

'సోయా తినొచ్చా?' అన్నది చాలామంది అడిగే ప్రశ్న. కామారెడ్డి జిల్లాలో సోయా పంటే కదా! అందులో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థం ఉందని భయం. చైనాలోని షాంఘైలో వేలమంది రోగులను పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఆహారంగా తిన్న సోయాతో హాని కనిపించలేదు. వంటలో తినొచ్చు. సోయాసారం అంటూ అమ్మే పొడులు, మాత్రల జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఒకపూట మర్చిపోతే కంగారుపడి మర్నాడు రెండేసి వేసుకోకూడదు. మామూలుగా ఒకటే వేసుకోవాలి. రాత్రి బువ్వ తిన్నాకో, పొద్దున చాయ్ తాగాకో ఒకే వేళకు అలవాటు చేసుకుంటే మరుపు ఉండదు.

ఇంటి నర్సు చేతిలో...

ఆసుపత్రిలో సిస్టర్లు చూసుకునేది కొద్దిరోజులే. ఆ తర్వాత కోడలో, కూతురో, భర్తో ఇంటి నర్సు కావాల్సిందే. ఆపరేషన్ తర్వాత చంక దగ్గర గొట్టం పెట్టి పంపుతారు. అందులో చేరే నీరు రోజుకు ఎంత, ఏ రంగులో ఉంది అన్నది ఒక పుస్తకంలో రాయాలి. సీసా ఖాళీచేసే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గొట్టాన్ని పడుకున్నప్పుడు ఒత్తుకోకుండా చూడాలి. నీరు ఎర్రబారి ఎక్కువైనా, చీములా మారినా, వాసన వచ్చినా ఫోన్ చేయాల్సిందే.

చంకలో గ్రంథులు తీసేసినవారికి ఆ పక్క చెయ్యి వాచే ప్రమాదం ఏళ్లు గడిచినా ఉంటుంది. అలాగని చేతిని కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. డాక్టరు సరేనన్న నాటి నుంచి గోడకెదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం రోజూ చేయాలి. నిన్నటి కన్నా ఇవాళ ఒక అంగుళం పైకి వెళ్తే గోడమీద బొగ్గుతో గీత గీయండి, ఎంత ఉత్సాహమో! సూది, సెలైన్, బీపీ పట్టీ వీలైనంతవరకు రెండో చేతికే వేయమనాలి. తునికాకు కత్తిరించే కత్తెర, కొడవలి, పొయ్యి సెగ, ముళ్లు... ఇవన్నీ ఆ చేతికి శత్రువులే. చేలోకి వెళ్తే చేతి తొడుగు వేసుకోవాలి. చిన్న గాయమైనా కడిగి మందు రాయాలి. ఎర్రబడి వేడెక్కితే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

కీమో నడిచే రోజుల్లో వాంతులుంటే మూడుపూటలా పళ్లెం నిండా పెట్టి తినమని పోరు పెట్టొద్దు. రెండు గంటలకోసారి కాస్త జావ, మజ్జిగ, మెత్తగా వండిన గటక, పప్పన్నం ఇవ్వాలి. నోరు పూస్తే ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించాలి. ఇంటికి చూడవచ్చే చుట్టాల్లో జలుబు, దగ్గు ఉన్నవాళ్లను వాకిట్లోంచే పలకరించి వెళ్లమనాలి. మొహమాటపడితే నష్టం మనకే.

అన్నిటికీ మించింది మాట. ఈ జబ్బు అంటుకోదు. ఆమె కంచం, గ్లాసు వేరు చేయకండి. బతుకమ్మ ఆడే చోటికి రమ్మని పిలవండి. రొమ్ము తీసేసిన ఆడమనిషి అద్దంలో చూసుకోవడానికే జంకుతుంది. పత్తి కూరి మెత్తగా కుట్టిన గుడ్డ జాకెట్‌లో పెట్టుకుంటే పైకి తేడా తెలియదు. 'నువ్వు మాకు ముందటిలెక్కనే' అని భర్త అనే ఒక్క మాట ఏ మాత్రకూ తీసిపోదు.

నయం కానప్పుడూ నెమ్మది ఉంది

కొందరు ఆలస్యంగా వస్తారు. గడ్డ పగిలి పుండవుతుంది. వాసన వస్తుందని ఆ మనిషి తనంతట తానే ఓ మూల గదిలో చేరిపోతుంది. అప్పుడు ఆకుపసర్లు పూయడం కీడు. పాత కట్టును ఉప్పునీళ్లతో బాగా తడిపాకే నెమ్మదిగా విప్పాలి. వాసన తగ్గడానికి పుండుపై చల్లే మెట్రోనిడజోల్ పొడిని డాక్టర్లు రాసిస్తారు. మంచంపట్టినవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే వీపు మీద పుండ్లు పడవు.

నొప్పిని పంటి బిగువున ఓర్చుకోవాల్సిన పనిలేదు. మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. డాక్టరు చెప్పిన వేళకు వాడితే క్యాన్సర్ నొప్పికి అది వ్యసనం కాదు, ఉపశమనం. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనానికి మందు తోడుగా ఇస్తారు. మార్ఫిన్ దొరకడాన్ని సులువు చేస్తూ 2014లో చట్టాన్నే సవరించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో 2006 నుంచి ఇలాంటి ఉపశమన సేవలు అందుతున్నాయి.

దారి దూరమే, కానీ...

కామారెడ్డి నుంచి హైదరాబాద్ నూటపది కిలోమీటర్ల పైమాటే. ఎల్లారెడ్డి వాళ్లకు రైలు లేదు. ముందు బస్సులో కామారెడ్డికో మెదక్‌కో చేరాలి. కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ల కూలీ పోతుంది. కొడుకు దుబాయిలో ఉంటే ఆ తోడూ కరవే. మందు మానేయడానికి సెగలు, నొప్పుల తర్వాత పెద్ద కారణం ఇదే.

అయినా ఆసరాలు లేకపోలేదు. నిజాం కాలపు అధికారి, తర్వాత గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో వెలిసిన ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి పేదలకు పెద్ద దిక్కు. 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి ఉంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్లకు ఆరోగ్యశ్రీ ఉంది. క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లేవారికీ రైలు టికెట్లో రాయితీ ఉంది. చికిత్స చేస్తున్న ఆసుపత్రి నుంచి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం తీసుకొని స్టేషన్లో చూపాలి. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. నిలకడగా ఉన్నవారు పట్నం డాక్టరును అడిగి, మధ్యలో చేయించాల్సిన మామూలు పరీక్షలను దగ్గర్లోనే చేయించుకోవచ్చు. ఒకేసారి రెండు మూడు నెలలకు సరిపడా మాత్రలు రాయమంటే ప్రయాణాలు తగ్గుతాయి.

జబ్బును తొందరగా పట్టుకోవడానికీ పట్నమే పోనక్కర్లేదు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు సాగించిన పరిశీలనలో లక్షన్నర మంది మహిళలు పాల్గొన్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేస్తే, జబ్బు తొలిదశలోనే బయటపడిందని, యాభై దాటినవారిలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయని 2021లో తేలింది. ఏ యంత్రమూ లేకుండా, చేతులతోనే! అందుకే ఆశ కార్యకర్త ఇంటికొచ్చి 'ముప్పై దాటినవాళ్లు పరీక్షకు రండి' అంటే పని ఉందని తప్పించుకోకండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే!

* కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే. తెల్లారేదాకా ఆగొద్దు.
* ఒక పిక్కే వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే. టామోక్సిఫెన్‌తో అరుదుగా రక్తం గడ్డకడుతుంది.
* ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే. గర్భసంచి పరీక్ష చేయించాలి.
* చూపు మసకబారితే.
* నడుమునొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పితే, మూత్రం బిగిస్తే. గంటల్లో వైద్యం అందాలి.
* ఆపరేషన్ చేసిన చోట, చంకలో, రెండో రొమ్ములో కొత్తగా గడ్డ తగిలితే.

మొదట చెప్పుకున్న ఆ ఇంటికే మళ్లీ వెళ్దాం. కోడలు కసరలేదు, భయపెట్టలేదు. గోడమీది క్యాలెండర్ పక్కన పెన్సిల్ కట్టింది. మాత్ర వేసుకున్న రాత్రి అత్తమ్మే వచ్చి ఆ తేదీ మీద గీత గీయాలి. సెగల సంగతి ఈసారి డాక్టరుకు చెప్పాలని చీటీ మీద రాసిపెట్టింది. రాత్రి దుబాయి నుంచి కొడుకు ఫోన్ చేస్తాడు. పైసల మాటా, పంట మాటా కాకముందే "గోలి ఏసుకున్నవానె అమ్మా?" అంటాడు. "ఏసుకున్న తియ్యి! గింత గోలికి ఇంటిల్లిపాది కావలి" అని ఆమె విసుక్కుంటుంది. ఆ విసుగులో ఒకింత మురిపెం కూడా ఉంటుంది.

అయిదేళ్లంటే 1,826 రాత్రులు. ఒక్కరే లెక్కపెట్టుకుంటే అది కొండంత. ఇంట్లో అందరూ తలా ఒక గీత గీస్తే... గోడమీది క్యాలెండర్లు అయిదు మారితే చాలు!